సీసాలో వాసన, వొంటిమీద వాసన

క్రిందటి సంక్రాంతికి మా పెద్దవాడు దుబాయినుంచి వస్తూ మాకొక సెంటు సీసా తెచ్చాడు. సీసా అంటే మామూలు సీసా కాదు. నల్లరాతిని చెక్కినట్టు బరువుగా, మూత దగ్గరకు తీసుకుపోతే చాలు తనంతట తానే టక్కున పట్టుకొనేటట్టు, చూడగానే కాస్త భయభక్తులు కలిగేటట్టు వున్నది. ధర ఎంతరా అంటే చెప్పలేదు. చెప్పకపోవడంతోనే సంగతి తెలిసిపోయింది. "బీరువాలో దాచుకోవడానికి కాదు నాయనా, రోజూ పూసుకోవాలి" అని హెచ్చరించి మరీ చేతిలో పెట్టాడు.

అట్టముక్కమీద చల్లి చూస్తే మిఠాయి కొట్టు గుమ్మంలో నిలబడ్డట్టున్నది. వెనిల్లా, బెల్లపు పాకం, వాటి అడుగున సన్నగా ఏదో చెక్క వాసన. పండుగకు వచ్చిన మా బావమరిది "బావా, ఇట్లా ఇవ్వు" అని తీసుకొని మెడమీద రెండుసార్లు కొట్టుకున్నాడు. సాయంత్రం ఆయన బండెక్కి వెళ్ళేదాకా హాలంతా కమ్మగానే వున్నది. మరునాడు పొద్దున మేము అదే సీసాలోనుంచి, అంతే మోతాదులో, మెడమీద అదే చోట కొట్టుకున్నాము. అరగంట గడవకముందే మా ఆవిడ వంటింట్లోనుంచి బయటికి వచ్చి, "ఏమండీ, నేను పొయ్యిమీద ఏమీ పెట్టలేదే, ఈ మాడిన పోపు వాసన ఎక్కడిది?" అన్నది.

ఇంట్లో అందరూ నవ్వారు. మేమూ నవ్వినట్టు మొగం పెట్టాము గాని నవ్వు రాలేదు. వాసన ప్రసక్తి వస్తే మాకు నవ్వు రాదు. దానికొక పాత కథ వున్నది.

మాది వ్యాసర్పాడి. పేరులో వ్యాసమహర్షి వున్నాడు, వూళ్ళో రవీశ్వరుడి గుడి వున్నది. అయినా పట్నంలో ఆ పేరు చెబితే ఎదుటివాడికి గుర్తుకు వచ్చేది గుడి కాదు. మా తాత నెల్లూరు వైపునుంచి బకింగుహాం కాలువలో పడవమీద వచ్చి ఇక్కడ దిగినవాడు. ఆ రోజుల్లో కట్టెలూ, వుప్పూ, బియ్యమూ ఆ కాలువ వెంటనే పట్నానికి చేరేవి. మేము పెద్దవాళ్ళమయ్యేనాటికి పడవలు పోయి మురుగు మిగిలింది. మా నాయన పెరంబూరులో బిన్నీవారి బి అండ్ సి మిల్లులో, నూలుకు గంజి పట్టించేచోట పనిచేశాడు. ఖాకీ గుడ్డకు పేరుమోసిన మిల్లు అది, 1996లో మూతపడింది. షిఫ్టు దిగి ఇంటికి వస్తే ఆయనతోపాటు ఒక వాసన వచ్చేది. పులిసిన గంజి, యంత్రాల నూనె, పత్తి దుమ్ము, చెమట, అన్నీ కలిసినది. చిన్నప్పుడు మాకది నాయన వాసన. దానికి వేరే పేరు లేదు. గడపలో ఆ వాసన తగిలిందంటే నాయన వచ్చాడన్నమాట, పొట్లంలో ఏదో తెచ్చాడన్నమాట.

1976లో బీచి రోడ్డులో ఒక కంపెనీలో మాకు గుమాస్తా వుద్యోగం దొరికింది. మొదటి వారంలోనే పక్క బల్ల ఆయన తన కుర్చీని కొంచెం కొంచెంగా కిటికీవైపు జరుపుకున్నాడు. మరొకాయన, చెడ్డవాడు కాదు, నవ్వుతూనే "ఇవాళ వ్యాసర్పాడి గాలి కొడుతున్నదే" అన్నాడు. రెండు బస్సులు మారి, ఎండలో నడిచి వచ్చినవాడి చొక్కా చెమట వాసన కొట్టక పన్నీరు వాసన కొడుతుందా? ఈ జవాబు ఆనాడు తోచలేదు. ఇంటికి వెళ్ళి రెండుమార్లు స్నానం చేశాము. ఆ రాత్రి నాయన పక్కన కూర్చుని అన్నం తింటూ, జీవితంలో మొదటిసారి, ఆయన దగ్గర వాసన వస్తున్నదని అనుకున్నాము. పైకి ఏమీ అనలేదు. పీట మాత్రం కొంచెం జరుపుకున్నాము. ఆయన చూశాడో లేదో ఈనాటికీ తెలియదు.

మొదటి జీతం అందగానే మూర్ మార్కెట్టుకు వెళ్ళాము. 1985లో కాలిపోయిందే, ఆ పాత మూర్ మార్కెట్టు. కొట్టులో వున్నవాటిలో అన్నిటికన్న ఘాటైన సెంటు ఏదంటే అది కొన్నాము. అప్పటినుంచి వుద్యోగం విరమించేదాకా సెంటు లేకుండా గడప దాటలేదు. మా లెక్కలో సెంటు అంటే దుప్పటి. కింద ఏమున్నదో కనపడకూడదు, అంతే. మందమైనకొద్దీ మంచిదని మా నమ్మకం. పైగా ముక్కుకొక గుణం వున్నది: ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే కొద్ది నిమిషాల్లోనే దాన్ని లెక్కచెయ్యడం మానేస్తుంది. అందుచేత పూసుకున్నవాడికి చాలలేదనిపిస్తుంది, పక్కవాడికి తల తిరుగుతుంది. బస్సులో మా పక్కన కూర్చున్నవాళ్ళు చటుక్కున కిటికీ తెరిస్తే గాలికోసం కాబోలుననుకొనేవాళ్ళము.

అందువల్ల "మాడిన పోపు" అనేసరికి పాత పుండు రేగింది. ఆ నల్లసీసాను బావమరిదికే పంపించి వేద్దామనుకున్నాము. అడ్డుపడ్డది మా మనవరాలు. కూతురి కూతురు, ఫార్మసీ రెండవ సంవత్సరం చదువుతున్నది. డాక్టరు రోగిని అడిగినట్టు, "తాతయ్యా, పొద్దున పరగడుపున ఏం తిన్నావు?" అని అడిగింది.

"రోజూ తినేదే. రాత్రి నానబెట్టిన మెంతులు."

మాకు పదేళ్ళుగా చక్కెర జబ్బు. డాక్టరు మందులు డాక్టరువి, మా ఆవిడ మెంతులు మా ఆవిడవి. పిల్ల చప్పట్లు కొట్టి నవ్వింది. మెంతుల్లో సోటొలోన్ అనే పదార్థం వున్నదట. మెంతులు బాగా తిన్నవాళ్ళ చెమటలోకీ మూత్రంలోకీ ఆ వాసన దిగుతుందట. కొంచెంగా వుంటే అది కాల్చిన చక్కెర వాసన, ఎక్కువైతే అచ్చంగా మెంతి వాసన. "నువ్వు తెచ్చుకున్న సెంటేమో పాకం, నీ చెమటేమో మెంతులు. పాకంలో మెంతులు వేస్తే ఏమవుతుంది? అదే అయింది. మామయ్య తాతయ్యకు చక్కెర లేదు, ఆయన మెంతుల జోలికి పోడు" అన్నది. ఇదొక్కటే కారణమని తాను ప్రమాణం చెయ్యనని కూడా అన్నది, చదువుకున్న పిల్ల కనుక. రెండు వారాలు మెంతులు మాని చూశాము. మాడిన వాసన తగ్గింది, చక్కెర పెరిగింది. మళ్ళీ మెంతులే ఖాయమైనవి.

కాని ఆ నాలుగు రోజులూ ఆ పిల్ల చెప్పిన సంగతులు మమ్మల్ని వదలలేదు. ఏభై యేళ్ళు సెంటు పూసుకొని, అది ఏమిటో, దాన్ని పూసే చర్మం ఏమిటో మేము ఒక్కసారీ ఆలోచించలేదు.

మనిషి వొంటిమీద ఇరవైనుంచి నలభై లక్షల చెమట గ్రంథులుంటవట. వాటిలో చాలాభాగం వొళ్ళు చల్లబడడానికి వుప్పునీటిని వదిలేవి. చంకలు మొదలైన చోట్ల వుండేవి వేరే రకం, అవి కాస్త జిడ్డు కలిసిన చెమటను వదులుతవి. విచిత్రమేమంటే అప్పుడే పుట్టిన చెమటకు దాదాపు వాసనే లేదు. చర్మంమీద కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని తిని వాసన పుట్టిస్తవి. ఏ జాతివి ఎవరి వొంటిమీద ఎన్ని వున్నవనేది మనిషి మనిషికీ తేడా. పుట్టుకలో కూడా కొంత వున్నది. ఏబిసిసి11 అనే జన్యువు ఒక తీరుగా వున్నవాళ్ళకు చంక వాసన దాదాపు రాదు, వాళ్ళ చెవి గులిమి కూడా పొడిపొడిగా వుంటుంది. చైనా, కొరియా, జపాను దేశాల్లో చాలామంది అటువంటివాళ్ళే. మన దేశంలో తక్కువ. ఇది విన్నప్పుడు మాకు కిటికీ పక్కకు జరిగిన ఆ కుర్చీ గుర్తుకు వచ్చింది. ఆయన వొంటిమీదా అవే కాపురాలు వుండివుంటవి. తేడా అల్లా ఆయన ఇల్లు ఆఫీసుకు దగ్గర.

ఇక చర్మం. సెంటులో వాసనలన్నీ ఒక్కసారి బయటికి రావు. నిమ్మ, నారింజ జాతి తేలిక వాసనలు పది పదిహేను నిమిషాల్లో ఎగిరిపోతవి. తరువాత పువ్వుల వంతు, అది కొన్ని గంటలు. అందరికన్న చివరను చందనం, వట్టివేరు, కస్తూరివంటి బరువు వాసనలు మిగులుతవి. కొట్టులో మూత తీసి చూసి కొనేవాడు మొదటి పది నిమిషాలను కొంటున్నాడన్నమాట. ఇంటికి తీసుకుపోయేది మిగతా రోజంతా. జిడ్డు చర్మం గలవాళ్ళకు వాసన నూనెలు ఆ జిడ్డులో కరిగి నెమ్మదిగా బయటికి వస్తవి, చాలాసేపు నిలుస్తవి. పొడి చర్మానికి పట్టుకొనే జిడ్డు లేదు, తొందరగా పోతవి. మద్రాసు ఎండ సంగతి చెప్పనక్కరలేదు, వొంటి వేడికి అన్నీ పరుగులే.

మా ఆవిడది పొడి చర్మం. పెళ్ళయిన నాటినుంచీ "మీరు నాకు తెచ్చేవన్నీ నీళ్ళ సెంట్లు, మీరు పూసుకొనేవి మాత్రం వీధి చివరిదాకా వస్తవి" అని నిష్ఠూరం. మేము పిసినారితనం లేదని నిరూపించుకోవడానికి ఖరీదు పెంచుకుంటూ పోయాము. తప్పు సీసాది కాదు. మనవరాలు వాళ్ళమ్మమ్మ మణికట్టుమీద కొబ్బరినూనె ఒక్క చుక్క రాసి, దానిమీద సెంటు అద్దింది. మధ్యాహ్నం భోజనాలదాకా నిలిచింది. నలభై యేళ్ళ నిష్ఠూరం ఒక చుక్క నూనెతో తీరింది. పూర్తిగా తీరిందని అనలేము, "ఇన్నాళ్ళూ మీకు తెలియకపోయెనే" అనే కొత్త నిష్ఠూరం ఒకటి మొదలైంది.

చర్మం ఆమ్లగుణాన్నిబట్టి ఒకరి వొంటిమీద గులాబి మరొకరి వొంటిమీద మరేదో అయిపోతుందని కొట్లలో చెబుతారు. ఆరోగ్యమైన చర్మం ఎవరిదైనా కొంచెం ఆమ్లమే. అది సెంటునే మార్చివేస్తుందనడానికి చెప్పుకొనేంత బలమైన ఆధారం లేదు. జిడ్డు, వేడి, తేమ, వొంటి సొంత వాసన, తిన్న తిండి, ఇవి చాలు కథ మార్చడానికి. వయసు కూడా మారుస్తుంది. నలభై దాటినవాళ్ళ చర్మపు జిడ్డులో నోనెనాల్ అనే పదార్థం పుట్టి, పాత నూనెవంటి, ఎండు గడ్డివంటి వాసన ఇస్తుందని 2001లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇరవై యేళ్ళప్పుడు అమరిన సెంటు డెబ్భైలో అమరకపోతే సెంటు కల్తీ అయిందని కొట్టువాడితో పోట్లాడనక్కరలేదు. ఇంకొక్క మాట: బెర్గమాట్ అనే నారింజ జాతి తైలం వున్నవాటిని పూసుకొని ఎండలో తిరిగితే కొందరికి మెడమీద నల్లచారలు పడతవి. దురద పుట్టేవాళ్ళు కూడా వుంటారు. ముందు మోచేతి మడతలో కొంచెం పూసి ఒక రోజు ఆగి చూడడం మంచిది, లేదా బట్టమీద చల్లుకోవడం మంచిది.

ఇదంతా వింటుంటే మాకు మా అవ్వ జ్ఞాపకం వచ్చింది. పండుగనాడు ముందు నూనె మర్దన, తరువాత సున్నిపిండి, సీకాయ, తల ఆరడానికి సాంబ్రాణి పొగ, చివరకు అరగదీసిన గంధం. చర్మంలో ఇంకా సన్నని జిడ్డు మిగిలివుండగానే గంధం పూసేది. ఆమెకు సోటొలోన్ తెలియదు, వరుస తెలుసు. సుగంధద్రవ్యాల బేరం తెలుగువాళ్ళకు నిన్నటిది కాదు గదా! కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వర్తకులకు వేయించిన అభయశాసనంలో గంధపుచెక్కకూ, కర్పూరానికీ, పన్నీటికీ సుంకాల పట్టిక వున్నది.

మా మనసులో ముల్లు మాత్రం అట్లాగే వున్నది. "అయితే అమ్మా, వొంటి వాసన పోగొట్టడానికి ఏ సెంటు మంచిది?" అని అడిగాము. ఏభై యేళ్ళ ప్రశ్న అది. పిల్ల కాసేపు వూరుకొని, "పోదు తాతయ్యా. దానితో కలుస్తుంది" అన్నది.

తరువాత ఒక పరీక్ష సంగతి చెప్పింది. 2012లో ప్రేగు నగరంలో చేసినవాళ్ళు ప్రకటించినది. కొందరి వొంటి వాసనను, వాళ్ళు తమకు తాము ఎంచుకున్న సెంటుతో కలిపి ఒకసారి, పరీక్షకులు ఇచ్చిన సెంటుతో కలిపి ఒకసారి, వేరేవాళ్ళచేత వాసన చూపించారు. సెంట్లను విడిగా చూస్తే రెండూ సమానంగానే బాగున్నవన్నారు. వొంటితో కలిసినప్పుడు మాత్రం, ఎవరికి వాళ్ళు ఎంచుకున్నదే బాగున్నదని తేలింది. అంటే మనిషి తనకు తెలియకుండానే తన వొంటికి జత కుదిరేదాన్ని ఎంచుకుంటున్నాడన్నమాట. అదీ ఎంచుకోనిస్తే. మేము ఎంచుకున్నది ఎప్పుడు? ఘాటును కొన్నాము.

మంచి వాసనకూ చెడ్డ వాసనకూ మేమనుకున్నంత పగ కూడా లేదు. మల్లెపూలలో ఇండోల్ అనే పదార్థం వున్నది. అదే ఎక్కువైతే మలం వాసన. మల్లెలోనుంచి దాన్ని తీసివేస్తే మల్లె మల్లెగా వుండదు. పునుగు సంగతీ అంతే. పునుగుపిల్లినుంచి తీసిన పచ్చి పునుగును ముక్కు దగ్గర పెట్టుకోలేము, అంత జంతువు వాసన. తిరుమలలో శుక్రవారం అభిషేకమైన తరువాత స్వామివారి విగ్రహానికి అలదేది ఆ పునుగు తైలమే.

మాసికం మొగంలో ఇంత వాసన గురించి రాయవచ్చునా అని చదువరులు అనుకోవచ్చు. తొందరలోనే ముగిస్తాము.

వేసవి మొదలవుతుండగా ఒకనాడు తిరువళ్ళిక్కేణిలో పెద్దమసీదు పక్కనున్న అత్తరు కొట్టుకు వెళ్ళాము. ఈసారి ముక్కుతో కాదు, వొంటితో కొందామని. కొట్టు ముసలాయన సగం తెలుగు సగం అరవం మాట్లాడుతాడు. మా ఎడమ మణికట్టుమీద గులాబి, కుడి మణికట్టుమీద షమామా, మోచేతి దగ్గర వట్టివేరు అత్తరు, సన్నని పుల్లకు చుట్టిన దూదితో ఒక్కొక్క గీత గీశాడు. మేము అలవాటుకొద్దీ మణికట్లు రెండూ కలిపి రుద్దబోతే చెయ్యి పట్టుకున్నాడు. "రుద్దవద్దు. ఇప్పుడు కొననూ వద్దు. ఎండలో గంటసేపు తిరిగి, టీ తాగి రండి. మీ వొళ్ళు ఏం చెబుతుందో విని అప్పుడు డబ్బులివ్వండి" అన్నాడు. బేరం చెడగొట్టుకొనే వర్తకుణ్ణి చూసి చాలా రోజులైంది.

అత్తరులో ఆల్కహాలు వుండదు. కన్నౌజులో రాగి పాత్రల్లో పువ్వులూ వేళ్ళూ కాచి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దింపుతారు. ఇప్పుడు చందనం ప్రియమై చాలాచోట్ల వేరే నూనెలు వాడుతున్నారని ఆయనే చెప్పాడు. నూనెలో వున్నది కనుక తొందర లేదు, చర్మంమీద నెమ్మదిగా కదులుతుంది. పార్థసారథి స్వామి వీధులన్నీ తిరిగాము, చొక్కా తడిసింది. టీ తాగాము. గంట తరువాత చూస్తే గులాబి పేరుకు మాత్రం వున్నది. షమామా మా మెంతులతో పోట్లాడుతున్నది. మోచేతి దగ్గర మాత్రం చెమటలో కలిసిపోయి, ఏది అత్తరో ఏది మేమో తెలియకుండా, తడిమట్టివంటి చల్లని వాసన. చిన్న సీసా కొన్నాము. నల్లసీసా ధరలో అది ఎన్నో వంతో లెక్క కట్టలేదు.

ఇంటికి వచ్చి ఏమీ చెప్పకుండా కూర్చున్నాము. మా ఆవిడ మజ్జిగ గ్లాసు ఇస్తూ ఆగి, మళ్ళీ ఒకసారి పీల్చి, "మామగారి పెట్టె తెరిచారా?" అన్నది.

నాయన ట్రంకుపెట్టె అటకమీద వున్నది. ఆయన మిల్లు బట్టల మధ్య మా అమ్మ ఏటేటా వట్టివేళ్ళ కట్ట పెట్టేది. ఉతికినా పోని ఆ గంజి, నూనె, చెమటలమీద వట్టివేరు వాసన పట్టి, సోమవారం పొద్దున షిఫ్టుకు బయలుదేరేటప్పుడు నాయన దగ్గర ఆ వాసనే వచ్చేది. మేము మరిచిపోయాము. మా ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పెట్టె సర్దింది కనుక ఆమెకు జ్ఞాపకం.

ఆదివారం మనవరాలు పెట్టె దించింది. రెండు ఖాకీ చొక్కాలు, ఒక తువ్వాలు, కాగితం పొట్లంలో వేళ్ళ కట్ట. చొక్కాలకు ఇనుప పెట్టె వాసన తప్ప ఏమీ లేదు. వేళ్ళు ఎండి పుల్లలైనవి, వాటికీ ఏమీ లేదు. పారేద్దామా అంటే మా ఆవిడ వద్దని, పళ్ళెంలో పరిచి నీళ్ళు చిలకరించింది. ముగ్గురమూ పళ్ళెం చుట్టూ కూర్చున్నాము. కాసేపటికి కొద్దిగా వచ్చింది.